మేనేజర్లు లేని సబ్బుల కంపెనీ

అత్తా, ఈ గొడుగుల షెడ్డుకి మేనేజర్‌గా ఎవర్ని పెట్టేదీ మధ్యాహ్నం గంట కొట్టేలోపు చెప్తానన్నావుగా, చెప్పేముందు నీ మేనల్లుడి సంగతి కాస్త విను. కటింగ్ మాస్టారూ, మీరూ వినండి. పాతికేళ్లుగా ఇక్కడ గుడ్డ కత్తిరిస్తున్నారు, ఆ ఉద్యోగం మీకేనని అందరూ అనుకుంటున్నారు, నాకేం కోపం లేదు. కానీ కంపెనీ నడపడమంటే గుడ్డ కత్తిరించడం కాదు. నేను పనిచేసిన సబ్బుల కంపెనీలో అడగండి, గోడలు కూడా చెప్తాయి.

నేను చేరినప్పుడు అక్కడ రోజుకి మూడు మీటింగులు. సరుకు లారీ ఎక్కినా ఎక్కకపోయినా మీటింగు మాత్రం తప్పదు. చూశాను, చూశాను, ఒకరోజు పొద్దున్నే మీటింగు గదిలో కుర్చీలన్నీ తీయించి గోడౌన్‌లో పడేయించాను. నిలబడి ఎంతసేపు మాట్లాడతారు? కాళ్లు పీకేసరికి పావుగంటలో తేల్చేశారు. ఆ నెల సబ్బులు రెట్టింపు.

— ఇంతవరకు నమ్మొచ్చు, అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? యజమాని పరుగెత్తుకొచ్చి, బాబూ, ఇంకేం తీసేద్దాం అన్నాడు. మేనేజర్ల గదులకి తలుపులు ఊడబీకించాను. లోపల కునుకు తీసేవాళ్లంతా బయటికి కనపడిపోయి, మిషన్ల దగ్గరికి పరుగో పరుగు. సబ్బులు పది రెట్లు. పెట్టడానికి చోటు లేక వీధి పొడుగునా పేర్చాం, జనం వాటి మీంచే నడిచి ఇళ్లకి వెళ్లేవాళ్లు. ఒకరోజు వాన పట్టుకుంది. ఇంకేముంది, ఊరు ఊరంతా నురగ, మూడో అంతస్తు కిటికీల దాకా. వీధి కుక్కలు కూడా తళతళలాడిపోయాయి. మిషన్ కుట్టే అక్కా, నోరు మూసుకో, ఈగలు దూరతాయి.

— మూతపడటం లేదురా, అంది అక్క. మరి ఆ మేనేజర్లు ఊరుకున్నారా?

అక్కడికే వస్తున్నా. ఊరుకోలేదు, అలిగారు. సరే, మీరూ అక్కర్లేదు పొండి అని పన్నెండుమందినీ ఒక్క పూటలో ఇంటికి పంపించాను. యజమాని గుండె పట్టుకుని కూలబడ్డాడు. నేను మాత్రం కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను. మర్నాడు ఏమైందనుకున్నారు? చెప్పేవాడు లేకపోయేసరికి ఎవరి పని వాళ్లకి గుర్తొచ్చింది. మనుషులకే కాదు అత్తా, మిషన్లకి కూడా. స్విచ్ వెయ్యకుండానే తిరిగాయి. సబ్బులు వాటంతటవే కాగితం చుట్టుకుని, పెట్టెల్లో దూరి, మూత వేసుకుని, లారీ ఎక్కి కూర్చునేవి. డ్రైవర్ ఆలస్యం చేస్తే హారన్ కొట్టేవి. అదిగో, మాస్టారు టీ ఒలకబోసుకున్నారు, పరవాలేదు, విన్నవాళ్లందరికీ అంతే. ఏడాదిపాటు నేను ఆ కంపెనీ గడప తొక్కలేదు, ఇంట్లో మంచం దిగకుండానే ప్రపంచంలోని మిగతా సబ్బుల కంపెనీలన్నీ మూయించాను. పైన కూర్చునేవాళ్లు ఎంత తక్కువైతే కంపెనీ అంత పైకొస్తుంది, అసలు లేకపోతే ఇక పట్టపగ్గాలుండవు. ఇదీ నా కిటుకు.

— ఇదంతా నిజమేనా? అంది అత్త.

నీమీద ఒట్టు అత్తా. ఇంక ఆలోచించకు. నేను ఖాళీగా కూర్చుని ఎనిమిది నెలలైంది, మా ఆవిడ మేనేజర్ భార్యనని అప్పుడే వీధంతా చెప్పేసుకుంది. ఈ ఉద్యోగం లేకుండా వెళ్తే నన్ను గుమ్మంలోకి కూడా రానివ్వదు.

— అయితే మనకి అసలు మేనేజరే అక్కర్లేదు కదరా.

ఆఁ? అత్తా, అదేం మాట. అది సబ్బుల సంగతి, గొడుగులు వేరు, గొడుగులకి పైన ఒకడుండాలి. నవ్వకండి మాస్టారూ. అక్కా, నువ్వైనా చెప్పు. సరే, కోతలు కోశాను, ఒప్పుకుంటున్నా. ఆ కంపెనీలో నేను గేటు దగ్గర లారీ నంబర్లు రాసుకునేవాణ్ణి, అంతే. లోపల ఏం జరిగేదో నాకు తెలీదు. పన్నెండుమంది మేనేజర్లూ ఇప్పటికీ ఉన్నారు, నేనే లేను. ఇప్పుడు చెప్పు అత్తా, మేనేజర్ కావాలా వద్దా?

అత్త లేచి తాళాలగుత్తి మాస్టారి చేతిలో పెట్టింది.

— నువ్వు చెప్పింది నిజమైతే మేనేజర్ అక్కర్లేదు, అబద్ధమైతే నువ్వక్కర్లేదు, అంది.