క్వారీ గుంట మీద పడవలు

అక్క కుట్టుమిషన్ ముందుంది. తమ్ముడు ఊరి కమిటీ మీటింగ్ నుంచి అప్పుడే వచ్చాడు.

“ముందు కూర్చోరా. గుమ్మానికీ కిటికీకీ మధ్య అలా తిరుగుతుంటే నా కుట్టు వంకర పోతోంది.”

“కూర్చుంటాను, కూర్చుంటానులే. కాసిని మంచినీళ్ళున్నాయా?”

“ఇప్పుడేగా తాగావు.”

“తాగానా?”

“మీటింగ్‌లో ఏమైంది?”

“ఏమవుతుంది, మామూలే. ఊరికి టూరిస్టులు రావాలి, వచ్చినవాళ్ళు మన ఇళ్ళల్లోనే దిగాలి, ఆ రాబడి ఊరిదే కావాలి. టూరిజం ఆఫీసు నుంచి వచ్చిన ఆ ప్లానింగ్ అమ్మాయి ఊరి పటం గోడకు తగిలించి అంతా చూపించింది.”

“అది ఎప్పట్నుంచో వింటున్నదేగా. ఇవాళ ఏమైందంటున్నాను.”

“గదులు ఎవరెవరివో తేలింది. బేకరీ ఆయన మేడమీద రెండు, హెడ్మాస్టరు గారింట్లో ఒకటి. ఆయన భార్య కొత్త బాత్రూమ్ కట్టిస్తేనే ఒప్పుకుంటానందట. అందరూ నవ్వారు.”

“నువ్వు నవ్వలేదా?”

“నవ్వాను. అప్పటికి నవ్వాను.”

“అప్పటికి అంటే?”

“అక్కా, ఈ జాకెట్ ఎవరిది? రంగు బాగుంది.”

“అది జాకెట్ కాదు, దిండు గలీబు. బేకరీ ఆయన గదులకే కుడుతున్నాను. మాట మార్చకు. నీ చొక్కా గుండీ ఏది?”

“ఎక్కడో తగులుకుని ఊడి ఉంటుంది.”

“ఎవరు లాగారు?”

“బేకరీ ఆయన. కొట్టడానికి కాదులే, ఆపడానికి.”

“నువ్వు ఎవరి మీదికి వెళ్ళావు?”

“ఎవరి మీదికీ వెళ్ళలేదు. ఆ పటం చింపేశాను.”

“కమిటీ కార్యదర్శివి నువ్వు. నువ్వే చింపావా?”

“ఇక కాదులే. రాజీనామా చేసేసి వచ్చాను.”

“దేనికి?”

“వద్దులే అక్కా. వదిలెయ్.”

“మిషన్ ఆపేశాను. చెప్పు.”

“టూరిస్టులు నడవడానికి దారి గీశారు. బస్టాండు దగ్గర మొదలు. పాత మిల్లు, తర్వాత తోటలు, చివర... చివర క్వారీ గుంట.”

“ఊఁ.”

“రాళ్ళు తవ్వి వదిలేశాక నిండిన నీళ్ళు నీలంగా ఉన్నాయట, ఫొటోలకు బాగుంటుందట. పడవలు వేద్దామన్నారు. పడవలు, అక్కా. బావ పోయిన నీళ్ళ మీద పడవలు.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, ఎనిమిదేళ్ళయింది కదా బాబూ, అన్నారు. ఎవరికయ్యాయి ఎనిమిదేళ్ళు? గట్టు మీద సైకిలు, నీళ్ళల్లో మనిషి. బయటికి తీసింది నేను. ఆ తర్వాత నువ్వు ఆ వైపు అడుగైనా వెయ్యలేదు. రేపు జనం ఐస్‌క్రీములు చప్పరిస్తూ నీ గుమ్మం ముందు నుంచే అక్కడికి పోతారు. నా కంఠంలో ప్రాణముండగా జరగనివ్వనన్నాను.”

“ఆ అమ్మాయి ఏమంది?”

“బిక్కమొహం వేసింది. అందరూ కలిసి ఒప్పుకోకపోతే ఈ పథకం ఇంకో ఊరికి పోతుందట. రేపటి దాకా చూస్తానంది. పోతే పోనీ. అసలు ఆ చోటు ఎవరు చెప్పారని అడిగితే నోరు విప్పలేదు. మన ఊళ్ళోవాడే ఎవడో. తెలుసుకుంటాను, ఆ తర్వాత వాడి సంగతి...”

“వాడు కాదు.”

“ఏంటి?”

“బావ జారి పడగానే పోయాడని చెప్పావు నాకు. తలకు దెబ్బ తగిలిందని, ఏమీ తెలియకుండానే పోయాడని.”

“అవును. డాక్టరు కూడా అదే...”

“ఆయన చేతులు కడిగింది నేనేరా.”

“అక్కా...”

“వేళ్ళకు గోళ్ళు లేవు. ఈతొచ్చిన మనిషి. ఎక్కడానికి మెట్టు లేదు, పట్టు లేదు. ఆ రాయి పట్టుకుని ఎంతసేపున్నాడో.”

“నీకు తెలియకూడదనే...”

“నాకు తెలుసు, అందుకేనని. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. అలాగే గడిచిపోయింది. మొన్న ఆ అమ్మాయి ఇంటింటికీ తిరుగుతూ ఇక్కడికీ వచ్చింది. మీ ఊళ్ళో మనుషులు వచ్చి చూడాల్సిన చోటు ఏదమ్మా అని అడిగింది.”

“నువ్వేం చెప్పావు?”

“ఇంకా అర్థం కాలేదా?”

“నువ్వా? నువ్వెందుకు చెప్తావు? అక్కా, అక్కడ జనం ఉంటారు. పిల్లల గోల, కేకలు, పడవవాళ్ళ అరుపులు, రోజంతా అదే. నువ్వు తట్టుకోగలవా?”

“ఆ రోజు గట్టు మీద ఒక్క మనిషున్నా, బావ కేక వినపడేదిరా.”