దర్జీ సుద్దగీతలు

మేడ పైకి చేరడానికి ఇంకొక్క మెట్టుందనగా దర్జీ భార్య ఆయాసంతో గోడకు చేరగిలబడింది. వెనకే ఆడపడుచు ఎక్కొచ్చింది.

“గోడనిండా ఈ సుద్దగీతలేంటి వదినా?”

“నేను ఆగిపోయిన చోటల్లా మీ అన్నయ్య గీసేవారు. ‘నావల్ల కాదండీ’ అంటే, ‘ఇవాళ్టికి కాలేదు అను, చాలు’ అనేవారు.”

“అన్నయ్య పోయేనాటికి నువ్వు రెండో అంతస్తు కూడా దాటలేదుగా!”

“ఆ పైవన్నీ నేనే గీసుకున్నా. ఆయన సుద్దముక్కతోనే.”

“ఇంకొక్క మెట్టేగా, ఎక్కెయ్యి!”

ఆమె కదల్లేదు. నిలబడ్డ చోటే గీత గీసింది.

“అదేంటి, ఆయాసం తగ్గిందిగా?”

“ఎప్పుడూ నాకంటే ఒక మెట్టు పైన నిలబడి చెయ్యందించేవారు. ఆయన పోయాక కూడా పై మెట్టు మీద ఉన్నారనుకునే ఎక్కా. ఇదీ ఎక్కేస్తే ఆయన నిలబడ్డానికి పైన మెట్టే ఉండదు... ఇవాళ్టికి కాలేదమ్మా.”