ఫ్రిజ్జుకు పసుపు

పూతలపట్టులో ఒక వంటింట్లో అత్తాకోడళ్ళు ఫ్రిజ్జు ముందర కూర్చోనుండారు. కోడలి చేతిలో వేడినీళ్ళలో ముంచిన గుడ్డ.

"చల్లబడని ఫ్రిజ్జుతో ఎందుకమ్మే ఈ తిప్పలు? మెకానిక్కు పాత ఇనుముకు ఎయ్యమన్నాడు గదా. నీ మొగుడు ఆటో తెచ్చేకి పోయినాడు."

"పోనీ అత్తా. ఆ మెకానిక్కు తలుపన్నా తీసి సూసినాడా? వాకిట్లో నిలబడే చెప్పేసినాడు. ఈడ సూడు, తలుపు రబ్బరంతా పసుపు పెచ్చు కట్టుండాది. ఎవురు పూసింది?"

"నేనే. ప్రతి శుక్రారం పూస్తా. తలుపంటూ ఉంటే దానికి గడప ఉన్నట్టే గదా?"

"గడపకైతే పూసుకో. రబ్బరుకు పూస్తే తలుపు సరిగ్గా మూసుకోదు. సల్లదనమంతా సందులోంచి బయటికి పోతాది."

"అయితే తప్పు నాదంటావా?"

"పూసింది నువ్వు, కడిగింది నేను. సరిపాయ. ఇదో, క్యాలెండరు కాగితం సందులో పెట్టి తలుపు మూసినా. లాగు."

"రాలేదే! గట్టిగా పట్టుకునిందే!"

"ఆటో వచ్చినట్టుండాది అత్తా."

"రానీ. ముందర నీ మొగుణ్ణి ఈ కాగితం లాగమను. చినగకుండా ఊడొస్తేనే ఫ్రిజ్జు నా గడప దాటేది."