బయ్యప్ప తోలిన పుట్టి

ఎవురు, బయ్యప్పనా? వాని పేరు నీకు యాడ దొరికె పాపా? మా మేనమామ మునిశామప్ప దగ్గర బండి తోలేవాడు. పెండ్లాం లేదు, ఇల్లు లేదు, ఎద్దులే వాని సంసారం. కరువులో ఆ రెండూ సచ్చిపాయె. మర్సంవత్సరం ఆ దేవునికేం కోపమొచ్చెనో, ఒకటే వాన. మేమేమో నీళ్ళంటే బిందెలో చూసినోళ్ళం! నా పెండ్లికి ముందుదినం మాయమ్మ సామాన్లతో చెరువు అవతలికి, పెండ్లికొడుకు ఊరు కెంచార్లహళ్ళికి పోయె. ఆమె పోయినంక బాట మునిగె. తెల్లార్తోనే ఏటి పక్క ఊరినుంచి పుట్టి తెచ్చిరి. పెద్ద గంప మాదిరి గుండ్రంగా అల్లి, తోలు కప్పిండేది. తెచ్చిరి సరే, తోలేదెవురు? 'బండి తోలినోనికి ఇదెంత' అనె బయ్యప్ప. ఊరోళ్ళూ సరే అనిరి. వాళ్ళ బుద్ధి చూడు!

మాయప్ప లేడు. సంబంధం కుదిర్చింది మాయమ్మ. మా మామకు పెండ్లాం పోయిండె, నన్నే చేసుకోవల్లని ఆశ. ఆయన్ని ఈ సంబంధానికి ఒప్పించేదానికి మాయమ్మ మాట ఇచ్చిండె, ముహూర్తానికి పిల్ల అక్కడికి చేరకపోతే నీదే అని. మేనమామే పెండ్లికూతుర్ని పీట దగ్గరికి తీసుకుపోవల్ల గదా మనలో, అందుకని ఆయనా ఎక్కె. బయ్యప్ప బండికి బరువు సర్దినట్ల మమ్మల్ని సర్దె. తెడ్డు ఏస్తాడు, గిర్రున తిరిగె. మళ్ళా ఏస్తాడు, మళ్ళా తిరిగె. 'హై... హై... బా!' అని నీళ్ళను అదిలిస్తాండాడు. గట్టున ఆడోళ్ళు పడీపడీ నగుతాండారు. నాకు నగు రాలే, పొద్దు ఎక్కుతాండాది.

మా మామ మొగం మాత్రం వెలిగె. 'ఒరే, చాల్లేరా, ఎనక్కు తిప్పు. తిప్పకపోతే రేపట్నుంచి నా కళ్ళంలో నీకు గింజ లేదు.' బయ్యప్ప తెడ్డు ఆపె. 'పెండ్లి బండిని నడిదావలో ఎనక్కు తిప్పేది లేదప్పా. మా బండోళ్ళ ఆనవాయితీ.' 'నువ్వేంరా తిప్పేది, అదే తిరుగుతాండాదే!' అనె మా మామ. పెండ్లి బండి ఎనక్కు తిరుగుతానే ఉండాదని అంతపొద్దూ వానికి తట్టలేదు, పిచ్చోడు. ఏడుపు మొగం పెట్టి నా తట్టు చూసె. 'నేను తిప్పలేదమ్మా, ఇదే మొగం తిప్పుకొంటాండాది.' నాకు వచ్చె రోషం. 'గంపకు మొగం యాడుండాది బయ్యప్పా? నా మొగం చూడు. నేను యాపక్క తిరిగితే అదే ముందర' అంటి. అది తిరిగినప్పుడల్లా నేను మెసిలి అవతలి గట్టుకే తిరిగి కూర్చుంటి. వాడు నా ఎదురుకు వచ్చి తెడ్డేసె, మళ్ళా ఎదురుకు వచ్చి ఏసె. తిరుగుతానే పోతిమి. మా మామ తల తిరిగి కొత్త పంచె మీదే కక్కుకొనె.

చేరితిమా అంటావా? అయ్యోరు అప్పుడే పంచాంగం మడుస్తాండె. మాయమ్మ నన్ను రెక్క పట్టి ఈడ్చుకపోయి పీట మీద కూర్చోబెట్టె. తాళి పడె. బయ్యప్పకు విస్తరేస్తే వాడు యాడ? మా మామ గింజ లేదనె గదా, ఇంక ఎవురింటికి పోవల్ల? తెడ్డు గట్టున పెట్టి గుడిబండె దావ పట్టినాడంట. మళ్ళా వాన్ని చూసినోళ్ళు లేరు. మా మామకు తిరిగి పోయేదానికి పుట్టి ఉండె, తోలేవాడు లేకపాయె. నీళ్ళు తగ్గిందాకా మా అత్తింట్లోనే కూర్చొనె, తలొంచుకొని. దినామూ నేనే వడ్డిస్తింటి. ఇంకో ముద్ద ఏసేదా మామా, సిగ్గుపడగాకు అని...

ఏమే, ఆ బర్రెకు కుడితి పెట్టితివా లేదా?