గట్టయ్య అనని మాట

ఊరవతల ఆ పాడుబడ్డ మోటబాయి ఉన్నదే, దాని దిక్కు మేకలు గాసేటోళ్లు గూడ మందను పోనియ్యరు, ఎందుకో ఎరికేనా మీకు? దగ్గరికి జరుగుండ్రి, ఇది గొంతు పెంచి చెప్పే ముచ్చట గాదు.

మిలట్రోల్లు మన ఊరిని పట్టుకొని దొర గడీల క్యాంపు పెట్టిన యేడు. గట్టయ్య అని ఆ బాయి మీద ఎడ్లతోటి మోటగొట్టి నీళ్లు తోడేటోడుండె, ఆయన సోపతిగాడు సాయిలు, ఇద్దరిది ఒకటే కంచం. సాయిలు సంఘంల కలిసి తుపాకి పట్టిండు, పట్టినంక మిలట్రోల్లు ఎతుకుతుంటె వచ్చి ఆ బాయి గోడలున్న రాతిగూట్ల దాక్కున్నడు. ఇద్దరు ఒక మాటనుకున్నరు. పొద్దుగూకంగ మోట గిరక కిర్రుమంటె పైన ఎవ్వల్లేనట్టు, సాయిలు మెట్లెక్కొచ్చి గట్టయ్య తెచ్చిన జొన్నగట్క తాగి పోవాలె. మిలట్రోల్లుంటె మోట నడవొద్దు.

ఇగ ఓ దినం మిలట్రోల్లు గట్టయ్య తమ్ముణ్ణి పట్టుకపోయి గడీల కట్టేసిండ్రు. సాయిలు జాడ జెప్తె ఇడుస్తమన్నరు. నాకు తెల్వదన్నడు గట్టయ్య, మరి సోపతిగాన్ని ఎట్ల పట్టిస్తడు? పొద్దుగూకంగ వాళ్లు బాయికాడికే వచ్చిండ్రు, వచ్చి తానాలు జేస్తం, మోట కొట్టు, కొట్టకుంటె నీ తమ్ముడు దక్కడన్నరు. గట్టయ్య పగ్గం పట్టిండో లేదో, ఎడ్లు అలవాటుకొద్ది కదిలినయ్, గిరక కిర్రుమన్నది. మెట్లమీద అడుగుల సప్పుడైంది. రాకు అని ఒక్క మాట అరిస్తె సాయిలు బతుకుతుండె. నోరు తెరిసిండు గని, కట్టేసిన తమ్ముడు కండ్లల్ల మెదిలిండు, మాట గొంతులనే ఉండిపాయె. సాయిలు తల గట్టుమీదికి రాంగనే కాల్చిండ్రు. తమ్ముణ్ణి ఆ పొద్దే ఇడిసిండ్రు.

మర్నాడు పొద్దుగూకంగ ఎడ్లు కట్టకముందే గిరక కిర్రుమన్నది. కిందికెల్లి పైకి రావాల్నారా అని సాయిలు గొంతు అడిగింది. గట్టయ్య ఇంటికి ఉరికొచ్చి తలుపేసుకున్నడు, అయితే ఏమాయె, ఆ కిర్రు సప్పుడు సూరు కిందికే వచ్చింది. ఇగ భయానికి దినాం బాయికాడికి పోయి రాకురా, రాకురా అంటుండె. అన్నకొద్ది ఆ గొంతు దినానికొక్క మెట్టెక్కుతుండె. ఇయ్యాల ఏడో మెట్టు మీదికొచ్చిండురా అని ఇంటికొచ్చి తమ్మునితోటి చెప్పుకుంటుండె పాపం.

ఆ బాయికి పంతొమ్మిది మెట్లు. పంతొమ్మిదోనాడు తమ్ముడు ఎనకనే పోయి సీతాఫలం చెట్టు సాటున నిలబడ్డడు. గట్టయ్య రాకురా అన్నడు. అప్పుడు ఆ గొంతు గట్టయ్య చెవికాన్నే, మెల్లగ, ఈ మాట ఆ పొద్దే అంటె బతుకుదునుగదరా అన్నదట. తమ్ముడు కండ్లు మూసుకున్నడు. తెరిసేసరికి గట్టుమీద గట్టయ్య లేడు, ఆయన రుమాలొక్కటే ఉన్నది.

ఆ తమ్ముడే నా పెనిమిటి. సచ్చేదాక పొద్దుగూకితె చెవులల్ల గుడ్డలు కుక్కుకునేటోడు.

ఇప్పుడు బాయిల రెండు గొంతులు. ఒకటి రావాల్నా అంటది, ఒకటి రాకు అంటది. అటు పోకుండ్రి బిడ్డా. నా మాట ఇనక పోయినా సరే గని, వాళ్లిద్దరి నడుమ నోరు తెరవకుండ్రి, తెరిస్తె బాయిల మూడో గొంతు మీదే అయితది.