దోహదం కార్డు

నిఘంటువు కార్యాలయంలో ఒక్కో మాటకీ అర్థం, ఉదాహరణ కార్డు మీద రాసే అమ్మాయి ఇచ్చిన కొత్త కార్డును సంపాదకుడు కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఉదాహరణకి ఎవరో నిజంగా అన్న వాక్యమే కావాలని, అన్నవాళ్ళెవరో కిందే రాయాలని ఆయన పట్టు.

“దోహదమంటే సాయమనే అనుకున్నాను మాస్టారూ.”

“ఆ అర్థం తర్వాతెప్పుడో వచ్చిందమ్మా. మొదట్లో అది కడుపుతో ఉన్నవాళ్ళకి పుట్టే వింత కోరిక. రెండు గుండెలున్న మనిషి కోరికని పాతవాళ్ళు చెప్పేవారు. అది సరే, ఈ ఉదాహరణేంటి? ‘పొద్దున లేస్తే సుద్దముక్క కొరకాలని ప్రాణం లాగేస్తోంది.’ సొంతంగా అల్లావా?”

“లేదండీ, నిజంగా అన్నదే.”

“మరి అన్నవాళ్ళ పేరేది?”

“బోర్డు దగ్గర సుద్దముక్కలు మాయమవుతుంటే మీరు ఎలుకల్ని తిట్టిపోశారు కదండీ...”

ఆయన కార్డు బల్ల మీద పెట్టారు.

“ఇంట్లో చెప్పావా?”

“మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదండీ. పోయినసారి ఊరంతా చెప్పుకున్నాక నిలవలేదు. ఈసారి మూడు నెలలు నిండేదాకా నోరు విప్పకూడదనుకున్నా. నిన్నటితో నిండాయి.”

“అయితే ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. సుద్ద సంగతి డాక్టరుకి చెప్పు. సుద్దముక్కల డబ్బా ఇక నా బల్ల సొరుగులో ఉంటుంది.”

“మరి కార్డో?”

ఆయన కలం మూత తీసి, ‘అన్నవారు’ అని ఉన్నచోట తానే రాశారు: ‘ఇద్దరు.’