ఆర్లో మావయ్య బిగించిన తొడుగు

ఆర్లో ఉన్నచోట మిగతావాళ్ల నోళ్లకి సెలవు. రేపు శనివారం, విస్కాన్సిన్ అడవుల్లో జింకల వేట మొదలు. ఆ మధ్యాహ్నం వేట గుడిసెలో బల్ల చుట్టూ ముగ్గురే ఉన్నారు: గుడిసె పెద్ద మెర్విన్, ఆయన కూతురు డార్లా, ఆమె మేనమామ ఆర్లో. బల్ల మీద ఆర్లో రైఫిలు, దానికి కొత్త హ్యాండ్‌గార్డ్. అంటే గొట్టం చుట్టూ ఎడమచెయ్యి ఆనించే తొడుగు. కంపెనీ ఇచ్చింది పీకేసి నచ్చింది పెట్టుకోవడం ఆ చుట్టుపక్కల చాలామందికి సరదా.

"నేను గొప్పలకి పోయేవాణ్ణి కాదు బావా. రెండు చూశా, ఒకటి కొన్నా, అంతే. నిజం చెప్పాలంటే రెండు కాదు, ఇరవై తీయించా. ఒకటి బరువు, ఒకటి పట్టుకుంటే మంచుగడ్డ, ఒకదానికి ఎన్ని కన్నాలంటే చీజ్ తురుముకోవచ్చు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కళ్లు మూసుకుని ఒక్కోటీ అరచేతిలో పెట్టించుకుని బరువు చెప్పేశా. కొట్టువాడు తూచి చూశాడు. వెంట్రుకవాసి తేడా వచ్చిందని కాటా తీసి అవతల పారేశాడు."

"కాటాదేనా తప్పు?" అన్నాడు మెర్విన్.

"మరి నాదా?"

డార్లా తుపాకీని కాదు, మావయ్య కుడిచేతిని చూస్తోంది. అది కోటు జేబులోంచి బయటికి రాలేదు. కాఫీ ఎడమచేత్తోనే తాగుతున్నాడు. మార్చిలో పక్షవాతం తగిలింది, కొద్దిలో బయటపడ్డాడు. చెయ్యి బాగైపోయిందనే అందరికీ చెబుతున్నాడు. ఇంకాసేపట్లో, రేపు ఎవరు ఏ వేట మంచె ఎక్కాలో నాన్న చెబుతాడు. పట్టు తప్పినవాళ్లని ఆ గుడిసెలో గౌరవంగానే వంటకని పొయ్యి దగ్గర కూర్చోబెడతారు, కానీ అలా గరిటె పట్టినవాడెవడూ మళ్లీ మంచె ఎక్కలేదు. ఈ వాగుడంతా ఆ మంచె కోసమేనని తెలిసి ఆమెకి అడ్డు రాబుద్ధి కాలేదు.

"కొట్లోనే బిగించి ఇచ్చారా?" మెర్విన్ మామూలుగానే అడిగాడు, కానీ చూపు ఆ జేబు మీదే ఉంది.

"ఎవడో బిగించడమేంటి బావా, ఈ చేత్తోనే. కంపెనీవాడి నట్టు ట్రాక్టరు కట్టి లాగినా రానిది, రెండు వేళ్లు వేశా, వచ్చేసింది. కొత్తది ఎక్కించి ఒక్క తిప్పు తిప్పానా, నట్టు ఆగిపోయి షెడ్డు తిరిగింది. తూర్పు తలుపు ఇప్పుడు దక్షిణానికి ఉంది, కావాలంటే వచ్చి చూసుకో."

"బిగువు కొలిచే పానా పెట్టలేదా?"

"పెట్టా. ముల్లు సిగ్గుపడి వెనక్కి పోయింది. ఇక తేలిక సంగతి విను. బల్ల మీద పెడితే తుపాకీ మూతి దానంతటదే పైకి లేస్తోంది, అందుకని మంచం కోడుకి కట్టి పడుకుంటున్నా. మొన్న అయిదు గుళ్లు పేలిస్తే కాగితం మీద ఒకటే కన్నం. అయిదో గుండుకి ఆ కన్నంలో అడ్డేమీ తగల్లేదు, నది దాటి పక్క రాష్ట్రం మిన్నెసోటా పోయింది. ఆ ఒడ్డున ఓ కొమ్ముల జింక. అది గుండుని చూసింది, నన్ను చూసింది, 'పెద్దాయనా, ఈ రాష్ట్రంలో నీకు లైసెన్సు లేదుగా' అన్నట్టు తలూపి పక్కకి జరిగింది."

మెర్విన్ కాఫీ కక్కినంత పని చేశాడు. డార్లా కూడా నవ్వుతూనే తుపాకీ దగ్గరికి లాక్కుంది. అలవాటు కొద్దీ తెరిచి, లోపల గుండు లేదని చూసుకుని, ఎడమచెయ్యి తొడుగు మీద వేసింది.

తొడుగు ఊరగాయ సీసా మూతలా తిరిగింది. గొట్టం కొసన గురి చూసే ముక్క దానిమీదే బిగించి ఉంది, అదీ దాంతోపాటే పక్కకి ఒరిగింది. చప్పుడు కాకుండా వెనక్కి తిప్పేసి ఊరుకోవచ్చు. కానీ రేపు ఈ గురితో పేలిస్తే గుండు జింక పొట్టలో దిగి అది గంటలకొద్దీ విలవిల్లాడుతుందో, పక్క మంచె మీది మనిషికి తగులుతుందో.

"మావయ్యా," అంది మెల్లగా. "షెడ్డు సంగతి నాకు తెలీదు గానీ, ఇది మాత్రం తిరుగుతోంది."

ఆర్లో నోరు మొదటిసారి మూతపడింది.

"పొద్దున కూడా బిగించా," అన్నాడు చివరికి. "రోజూ బిగిస్తున్నానే. ఇది కదలకుండా నిలిచిననాడు చెయ్యి వచ్చేసినట్టే అనుకున్నా."

మెర్విన్ కప్పు కింద పెట్టాడు. "బావా, ఈ ఏడాదికి నువ్వు పొయ్యి దగ్గర..."

"ఆగు నాన్నా." డార్లా గోడ మీది కత్తెర తీసింది. ఆ గోడ నిండా చొక్కా ముక్కలే. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ ఏడాదీ రాసి మేకు కొడతారు. మెర్విన్‌వి ఆరు, డార్లావి రెండు. నలభై మూడేళ్లలో ఆర్లోది ఒక్కటీ లేదు. ఆయన చెప్పుకునేవాటిలో నిజమైనది అదొక్కటే.

"ఇది గురి తప్పడమే కదా నాన్నా. గురి తప్పినోడి చొక్కా కోశాం గానీ, మర్నాడు మంచె ఎక్కొద్దని ఎవరికైనా చెప్పామా? తొడుగు నేను బిగిస్తా. ఆయన మంచె మీద నేనూ కూర్చుంటా. మీట నొక్కే వేలు ఆడుతోందా మావయ్యా?"

"వేలు బానే ఉంది. పట్టే లేదు."

మెర్విన్ అవునన్నట్టు తలూపాడు. ఇక ఒప్పుకోవాల్సింది ఆర్లో. ఆయన లేచి, వెనక్కి తిరిగి, ఎడమచేత్తో కోటు పైకెత్తాడు.

ఎర్ర ఉన్ని చొక్కా మందంగా ఉంది, కత్తెర నెమ్మదిగా నడిచింది. మళ్లీ కూర్చునేటప్పుడు ఆర్లో కుడిచెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దాని వేళ్లు సగమే ముడుచుకుంటున్నాయి. మెర్విన్ ఆయన కాఫీ కప్పు ఆ చేతి పక్కకి జరిపాడు.

"మేకు గట్టిగా కొట్టు అమ్మాయ్," అన్నాడు ఆర్లో. "ఆ ముక్క ఎంత బరువో నీకు తెలీదు."

"తెలుసు మావయ్యా," అంది డార్లా, మేకు కొడుతూ.